ముందు ఎరుపు, తర్వాత నలుపు

"బ్యాటరీ ఎలా ఉంది?"

ఫోనెత్తగానే ఆమె భర్త అడిగే మొదటి మాట అది. ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో. నెలకి రెండుసార్లు శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతాడు. మిగతా రోజుల్లో సంసారం ఫోన్లోనే. "పచ్చ లైటు వచ్చిందండీ" అని ఆమె చెప్తే, "గుడ్" అంటాడు. ఆ తర్వాతే తన తల్లి మోకాళ్ళ నొప్పులూ, కరెంటు బిల్లూ, ఇంకేమైనా మిగిలితే ఆమే. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ఓసారి సెలవులకొచ్చి ఈ వరస చూసి, "నాకు వారానికోసారి ఫోన్ చేస్తారు, కారుకి రోజూ చేస్తారు. నేను ఆస్పత్రిలో కాదమ్మా, షోరూములో పుట్టాల్సింది" అని పడీ పడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వడం ఆమెకి బాగా అలవాటు.

కారు నిమ్మపండు రంగుది. నేలకి ఆనుకుని పాకుతున్నట్టుంటుంది. తలుపులు రెండు, సీట్లు రెండు. ఇంట్లో మనుషులు నలుగురు. ఇద్దరు ఎక్కితే ఇద్దరు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాలి. నలభై ఏళ్ళు నిండిన రోజున ఆయన దాన్ని కొన్నాడు, ఏడేళ్ళయింది. ఏడాదికి నాలుగుసార్లు నడిపితే గొప్ప. వానొస్తే బురదంటాడు, ఎండొస్తే రంగు వెలుస్తుందంటాడు, రెండూ లేని రోజున ఆయన ఊళ్ళో ఉండడు. అలాంటప్పుడు కారుకి ఏం ఖర్చు అనుకుంటారు ఎవరైనా. సరుకు కొని గోదాములో పడేసినవాడిని అడగండి, చెప్తాడు. నిలవున్న సరుకే ఎక్కువ తింటుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నిలబడ్డ కారు కూడా ఊరికే ఉండదు. లోపల గడియారం తిరుగుతూ ఉంటుంది, దొంగలొస్తే అరవడానికి అలారం మేలుకుని ఉంటుంది, తాళంచెవి ఎక్కడుందోనని ఓ యంత్రం చెవులు రిక్కించి వింటూ ఉంటుంది. ఇవన్నీ బ్యాటరీని బొట్టు బొట్టుగా తాగేస్తాయి. మూడు వారాలు పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. చచ్చినదాన్ని బతికించినా మునుపటిలా ఉండదు. కాబట్టి ఎవరో ఒకరు వారం వారం దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

శుక్రవారం సాయంత్రం పనినుంచి రాగానే బానెట్టు ఎత్తాలి. ముందు ఎరుపు క్లిప్పు, తర్వాత నలుపు, ఆ తర్వాతే స్విచ్చి. తీసేటప్పుడు తిరగేసి: స్విచ్చి, నలుపు, ఎరుపు. ఆయన ఇదంతా పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకి అంటించాడు, కింద మూడుసార్లు గీత గీసి "మర్చిపోకు" అని. ఆయన ఆమెకి రాసిన ఉత్తరం అంటూ ఏదైనా ఉంటే అదే. ఆదివారం పొద్దున్న ఛార్జరు తీసి, షట్టరు పైకెత్తి, పావుగంట ఇంజను ఆన్ చేసి ఉంచాలి. "స్టార్ట్ చెయ్యి చాలు. కదపకు. సీటు జరపకు, నా కొలతకి పెట్టుకున్నాను." ఆయన కాళ్ళు పొడుగు. ఆమె సీటు అంచుదాకా జారి, నడుము వెనక ఏ ఆసరా లేకుండా, కాలివేళ్ళతో క్లచ్చి తొక్కి తాళం తిప్పేది. ఇంజను గుర్రుమనేది. ఎదురుగా మూడడుగుల దూరంలో గోడ. ఆ గోడకి వరసగా ఆరు మేకులు. ఆమె పావుగంటసేపు ఆ మేకుల్ని చూసేది.

ఆ మేకులు కొట్టింది ఆమే. ఒకప్పుడు ఒక్కో మేకుకీ ఒక్కో కత్తెర వేలాడేది. ఆ గది పద్ధెనిమిదడుగుల పొడుగు, పదకొండడుగుల వెడల్పు, ఉత్తరం వైపు పెద్ద కిటికీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ పడకుండా ఒకే వెలుతురు. బట్ట కత్తిరించేవాళ్ళకి అంతకన్నా భాగ్యం లేదు. ఆమె అక్కడ కర్టెన్లు కుట్టేది. ఇద్దరు ఆడవాళ్ళని పనికి పెట్టుకుంది. వీధి మొగలో ఎవరినడిగినా "కర్టెన్లమ్మ ఇల్లా? అదిగో" అని చూపించేవారు. కారు వస్తుందనగా ఆయన వీధివైపు గోడ పడగొట్టించి షట్టరు పెట్టించాడు. "నీ టేబులేముంది, హాల్లో వేసుకో" అన్నాడు. హాల్లో వేస్తే అత్తగారికి టీవీ అడ్డమైంది. పడగ్గదిలో వేస్తే ఆయన వచ్చిన శనివారమల్లా కాలికి తగిలింది. చివరికి భోజనాల బల్ల మీదికి చేరింది పని, రెండు పూటల తిండికీ మధ్య దొరికిన టైములో. ఓ రోజు ఎవరో కంచం పెట్టిన చోట అంటిన నూనె, ఓ పెళ్ళివారింటి తెల్లబట్ట మీద చంద్రుడంత మరక వేసింది. బట్ట ఆమే కొనిచ్చింది. పనివాళ్ళిద్దర్నీ పంపేసింది. కత్తిరింపుల బల్ల అమ్మేసింది. "పోన్లే, నీకూ విశ్రాంతి" అన్నాడు ఆయన.

ఇప్పుడామె ఓ పెద్ద కర్టెన్ల షోరూములో కొలతలు తీసే ఉద్యోగం చేస్తోంది. వారానికి ఆరు రోజులు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కిటికీలు కొలిచి రావాలి. ఓనరు ఆమెని "కొలతలమ్మా" అని పిలుస్తాడు. ఏ కిటికీకి ఏ బట్ట నప్పుతుందో ఆమె చెప్తుంది. ఆ మాటే అరగంట తర్వాత ఓనరు తమ్ముడు కొనేవాళ్ళకి ఇంగ్లీషు కలిపి చెప్తాడు. వాళ్ళు "సార్‌కి మంచి టేస్టుంది" అంటారు. ఆమె టేపు చుట్టుకుంటూ ఉంటుంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తే, ఆ అత్తకి కనీసం కోపమన్నా వస్తుంది. ఈమెకి అదీ రాదు. రాకపోవడం మొదలై నాలుగేళ్ళయింది. ఎప్పుడు మొదలైందో తారీకుతో సహా ఆమెకి తెలుసు.

గర్భసంచి తీసేసిన ఏడాది. ఆపరేషనుకి ఆయన వచ్చాడు, సంతకం పెట్టి మర్నాడు వెళ్ళాడు. ఐదు రోజులు ఆస్పత్రి, తర్వాత ఇంట్లో మంచం మీద. బరువులెత్తొద్దన్నారు, వంగొద్దన్నారు. బానెట్టు ఎత్తకుండా, వంగకుండా ఛార్జరు పెట్టడం కుదరదు. ఆ బ్యాటరీ అసలే మూడేళ్ళది, అరిగిపోయి ఉంది. పద్నాలుగో రోజున ఆయన వచ్చాడు. చెప్పులు విప్పి నేరుగా కారు గదిలోకి వెళ్ళాడు. టక్, టక్ అని రెండు చప్పుళ్ళు వినిపించాయి. తర్వాత పడగ్గది గుమ్మంలో నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"పద్నాలుగు రోజులు" అన్నాడు. "పద్నాలుగు రోజులు ఒక్కళ్ళు కూడా చూళ్ళేదా?"

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమే, ఎవరూ చూళ్ళేదు. పనిమనిషి పెట్టిన గంజి, అత్తగారు గుమ్మంలోంచి వేసిన "లేచావా అమ్మాయ్" అన్న కేక, అంతే. ఈయనకి తెలిసింది, పాపం, మొహం చూడు ఎలా అయిపోయిందో అనుకుంది. చెయ్యి చాపింది కూడా.

"కొత్త బ్యాటరీ వెయ్యాల్సిందే ఇక" అన్నాడు ఆయన.

చాపిన చెయ్యి ఎలాగూ చాపింది కదా అని పక్కనున్న నీళ్ళ గ్లాసు అందుకుంది. మత్తు నాలుగు గంటల్లో దిగిపోతుందని డాక్టర్లు అన్నారు. అందరికీ అలాగే దిగుతుందేమో. పన్ను పీకించుకున్నాక బుగ్గ కొరుక్కున్నా తెలియనట్టు, ఆ రోజునుంచి ఆమెకి ఎక్కడ నొక్కుకున్నా ఏమీ తెలియకుండా పోయింది. సుఖంగానే ఉంది ఒక రకంగా. పని ఎక్కడా ఆగలేదు. కొత్త బ్యాటరీకి ఒక్క శుక్రవారం తప్పలేదు, ఒక్క ఆదివారం తప్పలేదు.

మొన్న వేసవి చివర్లో ఆయన ఫోన్లో, మామూలు ప్రశ్న అయ్యాక, "కారు అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు.

ఆమె కిటికీ కొలుస్తోంది, ఎవరింట్లోనో, నిచ్చెన మీద నిలబడి. చేతిలోంచి టేపు జారి సర్రున చుట్టుకుపోయింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఒంట్లో ఎక్కడో చిన్న జలదరింపు. నొప్పి కాదు, సంతోషమూ కాదు. మొద్దుబారిన కాలిలోకి రక్తం దిగేటప్పటి తిమ్మిరి లాంటిది. పద్ధెనిమిది బై పదకొండు, అనుకుంది. ఆ పూటంతా ఏ కిటికీ కొలిచినా ముందు ఆ అంకెలే నోట్లోకొచ్చాయి. ఎవరితోనూ అనలేదు. బేరం తెగేదాకా సరుకు మీద చూపు పడనివ్వకూడదన్నది అమ్మకం తెలిసినవాళ్ళందరికీ తెలుసు.

ఆదివారం కొనేవాళ్ళొచ్చారు. వాళ్ళంటే ఒక్కరే, పళ్ళ డాక్టరమ్మ. ఏభై దాటిన మనిషి, తెల్లజుట్టు కత్తిరించుకుని, స్కూటర్ మీద వచ్చింది. కారు చుట్టూ తిరిగింది, రంగు గురించి ఒక్కమాట అనలేదు. బానెట్టు ఎత్తమంది. ఆయన ఎత్తాడు. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని లోపలికి వంగి చూసింది, ఎవరిదో దవడ చూస్తున్నట్టు.

"బ్యాటరీ ఎన్నేళ్ళది?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా? కొత్తదానిలా ఉందే. క్లిప్పులు తగిలించే కొసల మీద తెల్లబూజు కూడా లేదు. నడపని బండికి ఇలా ఉండటం నేను చూళ్ళేదు."

"చిన్నపిల్లలా చూసుకున్నా మేడం" అన్నాడు ఆయన, గుండెమీద చెయ్యేసుకుని. "వారం వారం."

"ఛార్జరు పచ్చలైటు రాగానే తీసేస్తారా, ఉంచేస్తారా?"

ఆయన ప్లగ్గు కోసం గోడంతా చూపు తిప్పాడు. "రాగానే... తీసేస్తా."

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారు తల తిప్పింది. ఆవిడకి కోడలి మీద ప్రత్యేకం ప్రేమేం లేదు; అబద్ధం వింటే చెవి దురద పెడుతుంది, అంతే. "ఒరే, నువ్వెప్పుడు తీశావురా? నీకు ప్లగ్గెక్కడుందో కూడా తెలీదు. అదిగో, కోడలు తీస్తుంది. ఆదివారం పొద్దున్న. ఆ మోతకే కదా నాకు మెలకువొచ్చేది."

"అంటే మేడం, నేను చెప్తాను, తను చేస్తుంది" అని నవ్వాడు ఆయన. "టీమ్ వర్క్."

"అబ్బో" అంది పళ్ళ డాక్టరమ్మ. "అయితే రోజూ రెండు పూటలా తోముకోండని నేనూ చెప్తుంటాను. ఊళ్ళో అందరి పళ్ళూ నేనే తోముతున్నట్టేనన్నమాట!"

అత్తగారు పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు కానీ ఓ క్షణం ఆలస్యంగా. డాక్టరమ్మ ఈ లోపు ఆమె వైపు తిరిగి, "మీరు చూపించండి" అంది.

ఆమె చూపించింది. ముందు ఎరుపు ఎందుకో, నలుపు తర్వాత ఎందుకో, పచ్చలైటు వచ్చాక ఈ రకం ఛార్జరుని ఉంచేసినా ఎందుకు ఫరవాలేదో, చలికాలంలో లైటు రావడానికి ఎంత ఎక్కువసేపు పడుతుందో. చెప్తూ ఉంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎవరూ మధ్యలో అందుకోలేదు. ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

"ఆదివారం స్టార్ట్ చేసి ఎంతదూరం తీసుకెళ్తారు?"

"తీసుకెళ్ళను. ఇక్కడే. పావుగంట."

"ఇక్కడేనా?" డాక్టరమ్మ నడుం పట్టుకుని లేచింది. "నిలబెట్టి పావుగంట తిప్పితే బ్యాటరీకి వచ్చేదేముంటుందమ్మా? స్టార్టుకి పోయిందే తిరిగి రాదు. దీన్ని బతికించింది మీ ఛార్జరు. ఆదివారాలు ఉత్తినే."

"ఉత్తినే" అంది ఆమె, బరువు చూస్తున్నట్టు ఆ మాటని.

"నడపడం రాదా మీకు?"

"లైసెన్సుంది. పెళ్ళికి ముందే."

"మరి ఏడేళ్ళలో ఒక్కసారి కూడా కదపలేదా?"

ఆమె మనసులో లెక్క వేసుకుంటోంది. ఏడేళ్ళ ఆదివారాలు, ఆపరేషనప్పటి రెండు తీసేస్తే, మూడువందల అరవై రెండు. ఒక్కోటి పావుగంట. తొంభై గంటలు దాటింది. తొంభై గంటలు సీటు అంచున కూర్చుని, ఇంజను ఆడించుకుంటూ, ప్రయాణం. గోడ మూడడుగుల దూరంలో ఉంది. గోడ దాకా కూడా చేరలేదు.

డాక్టరమ్మ రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి చూసుకుంది. బేరం అక్కడే తెగింది. మధ్యాహ్నానికల్లా కాగితాలయ్యాయి, నిమ్మపండు రంగు వీధి మలుపు తిరిగి పోయింది. స్కూటరుని సాయంత్రం ఎవరినో పంపి తెప్పించుకుంటానంది. ఆమె కారు గదిలో నిలబడింది. నేలమీద నాలుగు చక్రాల గుర్తులు. ఉత్తరం కిటికీకి ఏడేళ్ళ దుమ్ము. వెలుతురు మాత్రం అదే, నీడ లేనిది. బల్ల ఎక్కడ వెయ్యాలో కళ్ళతోనే కొలుస్తోంది.

ఆయన వెనకనుంచి వచ్చి భుజం తట్టాడు. చాలా ఉత్సాహంగా ఉన్నాడు. "ఇది పోతేనే కదా అది వచ్చేది. ఇంకా చెప్పలేదు కదూ నీకు? నలభై ఏళ్ళ కిందటిది, చూస్తే కళ్ళు తిప్పుకోలేవు. మా ఆఫీసున్న ఊరికి అవతల ఒకాయన దగ్గరుంది. పాత వైరింగు కదా, బ్యాటరీ చప్పున దిగిపోతుందిట. రెండు రోజులకోసారి పెట్టాలిట ఛార్జింగు. నీకలవాటేగా."

నీకలవాటేగా. ఆమె ఆ మాటని కాసేపు విన్నది. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. చల్లగా, చదునుగా ఉంది లోపలంతా, తుడిచిన బండలా. అలాంటి బండ మీదే కొలత సరిగ్గా వస్తుంది.

"ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"వచ్చే ఆదివారం. నేనే నడుపుకుంటూ వస్తా."

సరుకు ఎప్పుడు దించుతారని అడిగినవాడు సరుకు కొన్నట్టే లెక్క అంటారు వ్యాపారంలో. ఆయనా అలాగే లెక్కేసుకుని, ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు. ఆమె అడిగింది మాత్రం తన చేతిలో ఎన్ని రోజులున్నాయో తెలుసుకోవడానికి. ఏడు రోజులున్నాయి.

సోమవారం షోరూముకి ఫోన్ చేసి వారం సెలవడిగింది. "ఇంట్లో ఉండి ఏం చేస్తారు కొలతలమ్మా, బోరు కొట్టదూ?" అన్నాడు ఓనరు. మధ్యాహ్నం వడ్రంగి వచ్చాడు. పన్నెండడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు అని చెప్తే, "ఇంత బల్ల రేపు కదపాలంటే పదిమంది కావాలమ్మా" అన్నాడు.

"కదపక్కర్లేదు. కాళ్ళు నేలలోకి దించెయ్యి."

వడ్రంగి ఓసారి షట్టరు వైపు, ఓసారి ఆమె వైపు చూశాడు. తర్వాత బుర్ర గోక్కుంటూ తాపీమేస్త్రీకి ఫోన్ చేశాడు. మంగళవారం నేలలో ఎనిమిది గోతులు తవ్వారు. బుధవారం కాళ్ళు దించి సిమెంటు పోశారు. గురువారం పైచెక్క బిగించారు. ఆమె కిటికీ అద్దాలు కడిగింది. గోడమీది కాగితాన్ని గోరుతో గీకి తీసి, చిత్తుబుట్టలో వేసింది. ఆ మూడు రోజులూ అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని నాటకం చూస్తున్నట్టు చూసింది. చివరికి ఉండబట్టలేక, "వాడికి చెప్పావా అమ్మాయ్?" అంది.

"అడగలేదు అత్తయ్యా."

"ఎవరు?"

"ఎవరూ. అప్పుడూ, ఇప్పుడూ."

అత్తగారు చాలాసేపు మోకాళ్ళు రాసుకుంది. "వాడొస్తే ఇల్లు ఎగిరిపోతుంది" అంది. వేలు చూపించి, "ఆ కిటికీ దగ్గర నాకో కుర్చీ వెయ్యి. అక్కడ గాలి బాగొస్తోంది" అంది.

రోజూ సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. అడగడానికి బ్యాటరీ లేక మొదట్లో కాస్త ఇబ్బంది పడ్డాడు. శుక్రవారం "గది ఊడ్చి ఉంచావా?" అన్నాడు.

"ఊడ్చానండీ. కడిగాను కూడా."

"గుడ్."

ఫోన్ పెట్టేసి ఆమె ఇంకో నంబరు నొక్కింది. "డాక్టరుగారూ, బండి బాగుందా? మీ క్లినిక్కులో కర్టెన్లు ఎన్నేళ్ళవి?" అని అడిగింది. అవతల ఆవిడ పెద్దగా నవ్వి, "అవి కర్టెన్లు కావమ్మా, దుమ్ము. పదకొండు కిటికీలున్నాయి, వచ్చి చూసుకోండి" అంది. శనివారం పొద్దున్న వెళ్ళి కొలిచింది. సాయంత్రానికి బట్ట దిగింది. ఒకప్పటి పనివాళ్ళిద్దరికీ కబురెళ్ళింది. ఒకామె సోమవారం నుంచి వస్తానంది. రెండో ఆమె ఫోన్లోనే ఏడ్చింది. "ఎందుకే" అని అడిగింది ఈమె, నిజంగానే అర్థం కాక.

ఆదివారం పదిన్నరకి ఆమె బల్లమీద మోకాళ్ళ మీద కూర్చుని మొదటి బట్ట తాను పరుస్తోంది. వెలుతురు కోసం షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. పొడుగాటి ముక్కుతో, ముదురు ఎరుపు రంగులో పాత కారు ఒకటి వీధి మలుపు తిరిగి వచ్చి, షట్టరు ముందు ఆగింది. ఆయన దిగాడు. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇదేంటి?"

"బల్లండీ."

"అది కనిపిస్తోంది. తీయించు. బండి లోపల పెట్టాలి."

"రాదండీ. సిమెంటులో ఉంది."

"సిమెంటులోనా! మరి బండి?" అన్నాడు, తల్లివైపు తిరిగి. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కళ్ళు మూసుకుంది. నిద్రపోతున్నవాళ్ళ కళ్ళు అంత గట్టిగా మూసుకుని ఉండవు. "బండెక్కడ పెట్టమంటావు? నిన్నే! ఎవరినడిగి చేశావిది?"

ఆమె సుద్దగీత మీద కత్తెర ఆనించింది. కత్తెర మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపిన చోట బట్టకి పన్ను పడుతుంది, ఆ పన్ను ఎన్ని మడతలేసి కుట్టినా దాగదు.

"కాస్త పక్కకి జరుగుతారా" అంది, తలెత్తకుండా. "వెలుతురు అడ్డమొస్తోంది."

ఆయన జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకీ తెలిసినట్టు లేదు. ఓ నిమిషం వీధిలో అటూ ఇటూ చూశాడు. ఏం చెయ్యాలో తోచక వెళ్ళి బండిలో కూర్చున్నాడు. హారన్ నొక్కాడు. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు. కత్తెర బట్టలోకి నీళ్ళలోకి వెళ్ళినట్టు వెళ్తోంది. ఆయన మళ్ళీ నొక్కాడు, ఈసారి చెయ్యి తియ్యకుండా.

ఆమె చెవి ఒగ్గి విన్నది. హారన్ గొంతు గట్టిగానే ఉంది. ఇంకో రెండు రోజులొస్తుంది బ్యాటరీ, అనుకుంది.